సర్సోం దా సాగ్: పంజాబుదేశపు శీతకాలపు ఆకుకూర



వసతిగృహపు భోజనశాలలో పంక్తి లేచిన పిమ్మట కంచములను పరిశీలించినవారి కొక విషయము తప్పక కానవచ్చును. అన్నము మిగులదు. పులుసు మిగులదు. అప్పడపు తునుకయైనను మిగులదు. కంచపుటంచున ముద్దగా మిగిలియుండునది ఆకుకూర. "ఆకులలములు మేయుటకు మేము మేకలమా?" యని పరిహాసమాడు బాలురను మేమెరుగుదుము. తల్లి చూడనప్పుడు కూరను తమ్ముని కంచములోనికి జార్చు బాలికలను గూడ నెరుగుదుము. ఇట్టివారితో "తినుడు, మంచిది" యని మాత్రము చెప్పిన ప్రయోజనము లేదు. ఏల మంచిదో, ఎంతవరకు మంచిదో, ఎచ్చట దాని మేలునకు హద్దు గలదో తెలియజెప్పవలయును. అందులకై ఈ వ్యాసమున నొక దూరప్రాంతపు వంటకమును పాఠముగా గైకొనుచున్నాము. అచ్చట ఆకుకూర కంచపుటంచున నుండదు. కంచము నడుమ నుండును. అతిథి వచ్చినప్పుడు గౌరవముతో వడ్డింపబడును. దానిపేరు "సర్సోం దా సాగ్". పంజాబీ భాషలో సర్సోం అనగా ఆవ, సాగ్ అనగా ఆకుకూర.

దేశము, కాలము

జీలము, చీనాబు, రావి, బియాసు, సట్లెజి అను నైదు నదులవలన పంజాబునకు ఆ పేరు గలిగినది. 1947వ సంవత్సరమున ఆ దేశము రెండుగా విభజింపబడి, పడమటి భాగము పాకిస్తానునకును, తూర్పు భాగము మన భారతదేశమునకును చెందినది. అయినను ఈ కూర మాత్రము సరిహద్దున కిరువైపుల నేటికిని ఒకేవిధముగా వండబడుచున్నది.

మన కోస్తాజిల్లాలలో చలికాలమనగా వేకువజామున దుప్పటి కప్పుకొనుట మాత్రమే. పంజాబులో నట్లు కాదు. పుష్యమాసపు రాత్రులయందు శీతోష్ణమానము కొన్నిమారులు 5 డిగ్రీలకు లోపునకు దిగును. ఉదయమున పొగమంచు పొలములను కప్పివేయును. ఆ కాలమున గోధుమచేల నడుమను, గట్లవెంబడిని ఆవమొక్కలు పచ్చగా పెరిగియుండును. ఆవ రబీపంట. అక్టోబరు, నవంబరు నెలలలో విత్తి, ఫిబ్రవరి, మార్చి నెలలలో కోయుదురు. పూత ముదురకముందే లేతయాకులను, మెత్తని కాడలను కోసి కూరకు వాడుదురు. ఆ కాడలను "గందల్" అందురు.

జనవరి 13వ తేదీన పంజాబీలు లోహ్రీ పండుగ చేయుదురు. వీధులలో మంటలు వేసి, చుట్టును చేరి పాడుదురు. మన భోగిమంటలును ఇంచుమించుగా ఆ దినముననే వెలుగునుగదా. ఆ పండుగదినములలో సాగును, మొక్కజొన్నరొట్టెయు అనేక గృహములయందు ప్రధానభోజనము.

వండు విధము

ఈ కూర ఒంటి యాకుతో చేయునది కాదు. ఆవాకు ఒక కిలోగ్రామైనచో, పాలకూర పావుకిలో, బథువా పావుకిలో చేర్చుట వాడుక. బథువా యనునది గోధుమచేలలో తనంతట మొలచు కలుపుమొక్క. మనలో కొందరు దీనిని చక్రవర్తికూర యందురు. రైతు పెరికి పారవేయవలసిన కలుపును ఇల్లాలు కూరగా మార్చుట గమనింపదగినది. కొందరు కొద్దిగా మెంతికూరయు కలుపుదురు. ఆవాకు ఘాటును, కొంత చేదును గలది. పాలకూర మెత్తదనము నిచ్చును. బథువా ఆ ఘాటును తగ్గించును.

ఆకులను పలుమారులు నీటిలో జాడించి, ఇసుకయు మట్టియు పోవునట్లు కడిగి, తరిగి, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేర్చి, మట్టికుండలోగాని లోతైన గిన్నెలోగాని సన్నని సెగపై గంటలకొలది ఉడికింతురు. పిమ్మట కొయ్యగుత్తితో మెదుపుదురు. అది మన పప్పుగుత్తి వంటిదే. మెదుపుచు కొంచెము మొక్కజొన్నపిండిని చల్లుదురు. అందువలన కూర చిక్కబడి, నీరు విడువక, కొంచెము తీపిదనమును పొందును. చివరకు నేతిలో అల్లము, ఉల్లిపాయ వేయించి తిరుగబోత పెట్టుదురు. వడ్డించునప్పుడు పైన వెన్నముద్ద నుంచుదురు. ప్రక్కన మొక్కజొన్నరొట్టె, బెల్లపుముక్క, పచ్చిముల్లంగి, లస్సీ యుండును.

మొక్కజొన్న మనదేశమునకు స్వదేశీధాన్యము కాదు. అది అమెరికా ఖండమునుండి, పదునైదవ శతాబ్దము గడచిన పిమ్మట, ఓడలలో వచ్చినది. కావున పురాతనమని మనము తలచు ఈ జంటలో ఒకటి క్రొత్తగా వచ్చి కలిసినదే. మనము నిత్యము వాడు మిరపకాయయు అట్లే వచ్చినది.

ఆవాకు ఘాటు ఎక్కడిది?

మనము ఆవగింజ నెరుగుదుము. తాలింపునకును, ఆవకాయకును, ఆవ పెట్టిన కూరలకును వాడుదుము. ఆకును మాత్రము మనలో తినువారరుదు. ఆవ, ముల్లంగి, క్యాబేజి యివన్నియు ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. వీని పువ్వులకు నాలుగేసి రేకులు సిలువయాకారమున నుండును. కూరకు వాడు ఆవ రెండు వేరు జాతుల కలయికవలన పుట్టినదని జపానునందు పనిచేసిన నాగహారు యు అను శాస్త్రజ్ఞుడు 1935లో వివరించెను.

ఒక చిన్న ప్రయోగమును ఇంటిలో చేసిచూడుడు. ఒక ఆవగింజను నలుపక వాసన చూడుడు, ఘాటుండదు. కొన్ని గింజలను చన్నీటితో నూరి కొన్ని నిమిషములు ఉంచుడు, ముక్కున కెక్కును. ఇక కొన్నిటిని పొడిచేసి, ఆ పొడిని పెద్దల సమక్షమున మరుగుచున్న నీటిలో వేయుడు. ఆ ఘాటు పుట్టదు. కారణమేమనగా, ఆవలో రెండు పదార్థములు వేరువేరు అరలలో దాగియున్నవి. గింజ నలిగినప్పుడు ఆ రెండును నీటిలో కలిసికొని, ఒకటి రెండవదానిని విడదీసి ఘాటైన తైలమును పుట్టించును. ఆ విడదీయు పదార్థము మరుగు వేడికి చెడిపోవును. ఆకునందును ఇదే జరుగును. అందువలననే ఎక్కువసేపు ఉడికిన సాగు, పచ్చియాకువలె నాలుకను మండింపదు.

ఈ ఘాటుపదార్థములు క్యాన్సరును అడ్డగించునేమోయని శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. ప్రయోగశాలలోని కణములపై కనబడిన ఫలితము మనుష్యునియందు రోగమును కుదిర్చినట్లు కాదు. కావున ఈ కూరను మందని చెప్పువారిని నమ్మకుడు. ఇది ఆహారము. మంచి యాహారము. అంతకుమించి దానిపై భారము మోపరాదు.

ఆకులోని ధనము

నూరుగ్రాముల పచ్చి ఆవాకులో సుమారు 90 గ్రాములు నీరే. మిగిలిన ఆ కొద్దిలోనే విశేషమున్నది. మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు, పీచు సుమారు 3 గ్రాములు, సి విటమిను సుమారు 70 మిల్లీగ్రాములు, కాల్షియము సుమారు 115 మిల్లీగ్రాములు, ఇనుము సుమారు ఒకటిన్నర మిల్లీగ్రాములు గలవు. శక్తి మాత్రము 27 కేలరీలే. ఇదిగాక, కె విటమిను పెద్దవాని దినభత్యమును మించియే యుండును. గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టుటకు ఈ విటమిను అవసరము.

ఆకు పచ్చదనము వెనుక పసుపువన్నె పదార్థమొకటి దాగియున్నది. దానినే బీటాకెరోటీను అందురు. మన దేహము దానిని ఎ విటమినుగా మార్చుకొనును. ఇది చాలనిచో మొదట రేచీకటి కలుగును. ముదిరినచో పసిబిడ్డల కన్నులే పోవచ్చును. ఈ విపత్తును నివారించుటకై మనదేశమున 1970లో చిన్నబిడ్డలకు ఎ విటమిను నిచ్చు పథకము ప్రారంభింపబడెను.

ఫోలిక్ ఆమ్లముయొక్క కథయు వినదగినది. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భవతులగు మిల్లుకూలీ స్త్రీలను పీడించుచుండిన ఒకవిధపు రక్తహీనతను పరిశోధించెను. ఈస్టుసారమును తినిపించినచో అది కుదురునని ఆమె కనుగొనెను. అందలి గుణకారియగు పదార్థము 1941లో పాలకూరయాకులనుండి వేరుచేయబడినది. లాటిను భాషలో ఆకునకు "ఫోలియం" అని పేరు గనుక దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. బీదస్త్రీల పాలిపోయిన ముఖములనుండి మొదలైన పరిశోధన చివరకు ఆకును చేరినది.

వంటలోని తెలివి

శాస్త్రము పుట్టకముందే పంజాబు ఇల్లాండ్రు కూర్చిన ఈ భోజనమున అనేకములైన పొందికలు గలవు. బీటాకెరోటీనును, కె విటమినును దేహము గ్రహించుటకు కొంత క్రొవ్వు కావలయును. నేతి తాలింపును, వెన్నయు ఆ పని చేయును. పాలకూరలో కాల్షియమున్నను ఆక్సాలికామ్లము దానిని బంధించి దేహమున కందనీయదు. ఆవాకునం దా యామ్లము తక్కువ గనుక దాని కాల్షియము చక్కగా నందును. ఇట్లు ఒక యాకు కొరతను మరియొక యాకు తీర్చుచున్నది.

ఎక్కువసేపు ఉడికించుటవలన సి విటమిను చాలభాగమును, ఫోలిక్ ఆమ్లము కొంతభాగమును నశించును. ఇది ఈ వంటకముయొక్క లోపము. ప్రక్కనుంచు పచ్చిముల్లంగి సి విటమినును కొంత మరల నిచ్చును. నిమ్మకాయ పిండుకొన్నచో ఇంకను మేలు. ఆకులోని ఇనుమును దేహము గ్రహించుటకు సి విటమిను తోడ్పడును. భోజనముతో త్రాగిన తేనీరు దాని నడ్డగించును.

మొక్కజొన్నను గూర్చియు నొక హెచ్చరిక కలదు. దానిలోని నియాసిను అను విటమిను దేహమునకు సులభముగా నందదు. మొక్కజొన్నయే ప్రధానాహారమైనచోట్ల పెల్లాగ్రా యను వ్యాధి పుట్టును. ఎండతగిలినచోట చర్మము నల్లబడి పొరలు రాలును. అతిసారమును, మతిభ్రమయు కలుగును. అమెరికా దక్షిణరాష్ట్రములలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను వైద్యుడు 1914 మొదలుకొని పరిశోధించి, అది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమే దానికి కారణమనియు చూపెను. మన దక్కనునందు జొన్న తినువారిలోను ఈ వ్యాధి కనబడగా, డాక్టరు సి. గోపాలన్ మొదలగువారు దానిని పరిశోధించి 1960లో ప్రకటించిరి. పంజాబులో మొక్కజొన్నరొట్టె చలికాలమునకు మాత్రమే పరిమితము. పాలు, మజ్జిగ, వెన్న దానితో కూడ నుండును. కావున అచ్చటి భోజనమున ఆ కొరత తీరుచున్నది. ఏ ధాన్యమును ఒంటరిగా నమ్ముకొనరాదని ఇందలి నీతి.

కూనూరు ప్రయోగము

రాబర్టు మెక్కారిసన్ అను వైద్యుడు 1918లో నీలగిరులయందలి కూనూరున ఆహారపరిశోధన కేంద్రమును నెలకొల్పెను. తరువాతి సంవత్సరములలో ఆయన తెల్లని ఎలుకలను గుంపులుగా విభజించి, మనదేశమునందలి వేరువేరు ప్రాంతముల భోజనమును వేరువేరు గుంపులకు పెట్టి పెంచెను. వానిలో సిక్కుల భోజనము తిన్న ఎలుకలు అన్నిటికంటె పుష్టిగా నెదిగినవి. మదరాసు రాజధానివారి భోజనము తిన్న ఎలుకలు అన్నిటికంటె చిన్నవిగా నుండినవి. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివే గనుక, ఈ తీర్పు మనకును తగులును.

ఇది సాగుయొక్క గొప్పతనము మాత్రమేయని చెప్పుట న్యాయము కాదు. ఆ భోజనమున పొట్టుతీయని గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పుధాన్యములు, పచ్చికూరలు కలసియుండినవి. మన భోజనమున కడిగి కడిగి సారము తీసిన మరబియ్యము ప్రధానముగా నుండెను. తేడా ఒక వంటకమున లేదు, కంచమంతటిలో నున్నది. ఆ కూనూరు సంస్థయే 1958లో హైదరాబాదునకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు దాల్చినది.

హద్దులు, జాగ్రత్తలు

ఇంత చెప్పిన పిమ్మట రెండవవైపును చెప్పకున్న మేము సత్యమునకు దూరులమగుదుము. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు భారతదేశమున నూటికి 57 మంది. ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను, సాగునకు పుట్టినిల్లగు పంజాబునను గూడ ఆ సంఖ్య 57నకు పైగానే యున్నది. కారణమేమి? వయస్సు వచ్చిన స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలయునని మన పోషకాహారశాస్త్రజ్ఞులు 2020లో నిర్ణయించిరి. నూరుగ్రాముల ఆవాకు ఇచ్చునది ఒకటిన్నర మాత్రమే. అందును కొంతయే దేహమున కందును. పైగా ఈ కూర సంవత్సరమున కొన్ని నెలలే లభించును. అనేక గృహములయందు ఇంటివారందరు తిన్న తరువాత మిగిలినది ఇల్లాలు తినుట ఆచారము. గంటలకొలది పొయ్యిముందు కూర్చుండి కూరను మెదిపిన చేతికి వెన్నముద్ద దక్కకపోవుట న్యాయమా? ఆకు ఎంత మంచిదైనను, అది ఎవరి కంచమును చేరుచున్నదో చూడవలయును.

మరికొన్ని జాగ్రత్తలు గలవు. ఒక పెద్ద చెంచా వెన్న సుమారు నూరు కేలరీల శక్తి నిచ్చును. తెల్లవారకముందే చేనికి పోయి పాటుపడు రైతునకది తగును. దినమంతయు కుర్చీలో కూర్చుండువాడు రైతువలె వెన్న తిన్నచో స్థూలకాయుడగును. నెత్తురు గడ్డకట్టకుండుటకు వార్ఫరిను వంటి మందు పుచ్చుకొనువారు, కె విటమిను అధికముగాగల ఈ యాకుల నొక్కసారిగా హెచ్చించుటగాని తగ్గించుటగాని వైద్యుని అడుగక చేయరాదు. మూత్రపిండములలో రాళ్లు గలవారు పాలకూర, బథువాల విషయమున వైద్యుని సలహా పొందవలయును. పంజాబు చలిలో రెండవదినమునకు రుచి హెచ్చునను కూర మన వేడిలో పాడగును. కావున మనము ఏపూట కాపూట వండుకొనుట మంచిది.

మన కర్తవ్యము

ఇది చదివి, రేపే పంజాబునుండి ఆవాకు తెప్పింపవలయునని తలంచకుడు. మేమట్లు కోరుటలేదు. పంజాబీలు తమ చేలో, తమ ఋతువులో మొలచినదానిని తినిరి. కలుపుమొక్కనుగూడ విడువలేదు. మనమును అట్లే చేయవలయును. మన పెరటిలో తోటకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర, చుక్కకూర పెరుగుచున్నవి. దొడ్డిగోడ ప్రక్కన మునగచెట్టు ఆకులు రాల్చుచున్నది. మునగాకులో ఆవాకుకంటెను కాల్షియము మిక్కుటము. వీనిలో రెండు మూడు కలిపి, పప్పుతో వండి, ఒక చెంచా నేయి వేసి, నిమ్మకాయ పిండుకొన్నచో, పంజాబు ఇల్లాలి తెలివి మన యింటిలోనికి వచ్చినట్లే.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. కుమారునికి వడ్డించినంత కూరను, అంత నేతిని కుమార్తెకును వడ్డింపుడు. తల్లియు అందరితోపాటు కూర్చుండి తినుగాక. పాలిపోయిన కన్నులు, మెట్లెక్కినంతనే ఆయాసము, తరగతిలో నిదురమత్తు కనబడినచో సోమరితనమని గద్దింపక రక్తపరీక్ష చేయింపుడు. రక్తహీనత తేలినచో ఆకుకూరను మాత్రమే నమ్ముకొని కాలము గడుపరాదు. వైద్యుడిచ్చు మాత్రలు అవసరము. విద్యార్థినులారా, పాఠశాలలో ఇచ్చు ఇనుము మాత్రలను కిటికీ వెలుపల పారవేయకుడు.

ఇక మన భోజనశాలకు మరల వత్తము. కంచపుటంచున మిగిలిన ఆ ముద్దలో ఒక రైతు శ్రమయు, ఒక వంటమనిషి ఉదయకాలమంతయు, నీ నెత్తురునకును కన్నులకును కావలసిన సారమును గలవు. రేపు పంక్తిలో కూర్చుండునప్పుడు మొదటి ముద్దను ఆకుకూరతో కలుపుకొనుడు. ఆకలిగానున్నప్పుడు దేనికైనను రుచి గలుగును. ఒక మాసమట్లు చేసి, మీ యభిప్రాయమును మాకు తెలుపుడు. కంచములు శుభ్రముగా లేచిన దినమున, ఈ వ్యాసము వ్రాసిన మా శ్రమ ఫలించినదని సంతసింతుము.